నోటిఫికేషన్ రాని కొలువు

మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా నెల్లూరు తీరంలో ఎండ్రకాయల పులుసు వండని ఇల్లు అరుదు. ఆ ఎండ్రకాయ పొట్టలో మెదడు శాస్త్రవేత్తలను దశాబ్దాలుగా కట్టిపడేసిన విశేషం ఒకటుంది. తిన్నదాన్ని నమిలే పళ్లు దానికి జీర్ణాశయంలోనే ఉంటాయి. ఆ పళ్లను ఆడించే కండరాలకు ఆజ్ఞలిచ్చేది సుమారు 30 నాడీకణాల చిన్న ముడి. అంత తక్కువ కణాలు కలిసి తప్పని లయను ఎలా పుట్టిస్తాయన్న ప్రశ్న వెంట అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఈవ్ మార్డర్ అనే శాస్త్రవేత్త తన జీవితమంతా నడిచారు. ఆమె ల్యాబులో వాడేవి అట్లాంటిక్ తీరపు పీతలు. ఆ నాడీముడి మాత్రం మన పీతలకూ ఉన్నదే.

2004లో ఆ ల్యాబు ఒక కంప్యూటర్ ప్రయోగం చేసింది. పీత నాడీవలయానికి రెండు కోట్లకు పైగా నమూనాలు కట్టి, ఒక్కొక్కటీ నడిపి చూసింది. లోపలి అమరికలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నా, బయటికి వచ్చే లయ ఒకటే కావచ్చని తేలింది. చూడ్డానికి ఒకేలా ప్రవర్తించే రెండు మెదళ్లు లోపల ఒకేలా ఉండనక్కర్లేదన్నమాట. ఒకే మందు ఒకరికి పనిచేసి ఇంకొకరికి ఎందుకు పనిచేయదో ఆలోచించేవాళ్లకు ఇది చాలా పెద్ద సంగతి. ఆ పరిశోధనా పత్రంలో మొదటి పేరు మార్డర్‌ది కాదు. జర్మనీలో పీహెచ్‌డీ ముగించి ఆమె దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరిన ఆస్ట్రిడ్ ప్రింజ్‌ది. తర్వాత ప్రింజ్ ఎమరీ విశ్వవిద్యాలయంలో సొంత ల్యాబు పెట్టుకున్నారు.

పీహెచ్‌డీ అయ్యాక, సొంత ల్యాబు పెట్టుకునే లోపు, మరో శాస్త్రవేత్త దగ్గర రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జీతం మీద చేసే పరిశోధననే పోస్ట్‌డాక్ అంటారు. ఆ మనిషి విద్యార్థి కాదు, పర్మనెంటు ఉద్యోగీ కాదు. గైడు చెయ్యి వదిలేసి తన ప్రశ్నను తాను వెతుక్కునే కాలం అది. న్యూరోసైన్స్‌లోనూ, జీవశాస్త్రాన్ని గణితంతో, కంప్యూటర్‌తో చదివే కంప్యుటేషనల్ బయాలజీలోనూ ఈ మెట్టు ఎక్కకుండా ఐఐఎస్సీ, ఐసర్, సీసీఎంబీ వంటి చోట్ల అధ్యాపకులుగానో శాస్త్రవేత్తలుగానో చేరడం దాదాపు కుదరదు.

అయితే ఈ కొలువు దొరికే తీరు మన ఊళ్లలో ఉద్యోగాలు దొరికే తీరుకు పూర్తిగా భిన్నం. డీఎస్సీకి నోటిఫికేషన్ వస్తుంది. గ్రూప్స్‌కి వస్తుంది. ఏళ్ల తరబడి ఎదురుచూశాక యూనివర్సిటీ పోస్టులకూ వస్తుంది. అందుకే థీసిస్ సబ్మిట్ చేసిన స్కాలర్ కూడా అలవాటు కొద్దీ ప్రకటన కోసం కూర్చుంటారు. పోస్ట్‌డాక్‌లో ప్రకటనలు లేకపోలేదు. కానీ ఆ ప్రకటన బయటికి వచ్చే వేళకే, ఆ ల్యాబుకు ముందే రాసి, మాట్లాడి, తమ పని చూపించినవాళ్లు వరసలో ఉంటారు. అడగనివాళ్లకు ఈ దారిలో దొరికేది చాలా తక్కువ. ఈ ఒక్క విషయం ఎవరూ చెప్పకపోవడం వల్లే మంచి స్కాలర్లు ఎందరో వైవా రోజుతోనే పరిశోధనకు దూరమవుతున్నారు.

తెలుగువాళ్లకు ఈ దారి కొత్తదేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ చేరే నాటికి చేతిలో డబ్బు లేదు. ప్రయాణానికి సాయం చేసినవాటిలో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒకటి. ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రపాత్రలు ఎత్తే పని చేసుకుంటూ ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ ల్యాబులో చోటు సంపాదించారు. రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. ప్రపంచమంతటా బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ దాన్ని నేర్చుకుంటారు. 1927లో ఆ ఇద్దరూ ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరానికీ మెదడుకూ అవసరమైన క్షణంలో శక్తిని అందించే నిల్వ పదార్థం అది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఆ తర్వాత మరో పదేళ్లు అదే హార్వర్డ్‌లో చిన్న పదవుల్లో పనిచేశారు. స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం, హెట్రజాన్, ఆరియోమైసిన్ అక్కడి పనిలోంచే వచ్చాయి.

సుబ్బారావు కథలో కష్టం గురించే ఎక్కువ చెప్పుకుంటాం. పీహెచ్‌డీ తర్వాత ఏళ్ల తరబడి తాత్కాలిక పదవుల్లో ఉండటమనే సంగతిని దాటేస్తాం. నేటి పోస్ట్‌డాక్‌ల ఇళ్లలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న సరిగ్గా అదే: "ఇంకా ఎన్నాళ్లురా ఈ టెంపరరీ?" ఆ ప్రశ్నలో న్యాయముంది. ఎన్నాళ్లుండాలో, ఎక్కడ ఆపాలో పోస్ట్‌డాక్‌లో చేరే రోజే లెక్క వేసుకోవాలి. ఐదేళ్లు దాటితే మాత్రం గట్టిగా ఆలోచించాలి.

ఇటీవలి ఉదాహరణలు ఇంకా దగ్గరివి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ మైసూరు విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పొందారు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో పోస్ట్‌డాక్ చేసి, 1986లో బెంగళూరు నిమ్హాన్స్‌లో చేరారు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి వ్యవస్థాపక డైరెక్టరు ఆమే. ఉస్మానియాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన బాపిరాజు టెక్సస్‌లో పీహెచ్‌డీ తర్వాత బ్రిటన్‌లోని ప్లిమత్‌లో పోస్ట్‌డాక్ చేశారు. అటు నుంచి జపాన్‌లోని క్యోటోకు వెళ్లి మెదడు నేర్చుకునే తీరు మీద పనిచేసి, 1999లో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఇప్పుడు ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఉన్నారు. ఐఐటీ మద్రాసులో మెదడుకు గణిత నమూనాలు కట్టే వి. శ్రీనివాస చక్రవర్తి కూడా ఇంజనీరింగ్ నుంచే ఇటు వచ్చారు. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో పోస్ట్‌డాక్ చేశారు. గుంటూరులో పుట్టిన మాతుకుమల్లి విద్యాసాగర్‌ది ఇంకో తోవ. కంట్రోల్ సిస్టమ్స్‌లో నాలుగు దశాబ్దాలు పేరు తెచ్చుకున్నాక, 2009లో టెక్సస్ విశ్వవిద్యాలయపు డల్లాస్ క్యాంపస్‌కు వెళ్లి క్యాన్సర్ కంప్యుటేషనల్ బయాలజీలో కొత్త పని మొదలుపెట్టారు. ఎమ్మెస్సీలో తీసుకున్న సబ్జెక్టే జన్మంతా అంటిపెట్టుకుని ఉండాలన్న నియమం ఈ రంగంలో లేదు. భౌతికశాస్త్రం, గణితం, ఇంజనీరింగ్ నుంచి జీవశాస్త్రానికి మారేవాళ్ల కోసమే స్ట్రాస్‌బర్గ్‌లోని హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్ ప్రత్యేకంగా మూడేళ్ల ఫెలోషిప్ ఇస్తుంది. ఆ సంస్థలో భారతదేశం సభ్యదేశం.

కావలి, నెల్లూరు, గూడూరు కాలేజీల్లోంచి వచ్చిన స్కాలరుకు పెద్ద ఆటంకం ఖరీదైన పరికరాలు అందుబాటులో లేకపోవడం. కంప్యుటేషనల్ బయాలజీలో ఆ ఆటంకం చాలావరకు తొలగిపోయింది. 2024 అక్టోబరులో ఫ్లైవైర్ బృందం ఎదిగిన పండుఈగ మెదడు మొత్తానికి తీగల పటాన్ని విడుదల చేసింది. అందులో 1,39,255 నాడీకణాలు, వాటి మధ్య ఐదు కోట్లకు పైగా సంధులు ఉన్నాయి. ఆ సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని ప్రశ్నలు అడగొచ్చు. సియాటిల్‌లోని అలెన్ సంస్థ ఎలుక మెదడు పటాలను 2006 నుంచే అందరికీ ఇచ్చేసింది. 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలను అంచనా కట్టిన ఆల్ఫాఫోల్డ్ భాండాగారం కూడా ఉచితమే. ఆ పనికి 2024 రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నవారిలో ఒకరైన డెమిస్ హసాబిస్ పీహెచ్‌డీ చేసింది న్యూరోసైన్స్‌లోనే. ఒక మంచి ల్యాప్‌టాప్, నిలకడైన ఇంటర్నెట్, పైథాన్ మీద పట్టు ఉంటే మైపాడులో కూర్చునే పని మొదలుపెట్టొచ్చు.

ప్రశ్నల కోసం కూడా దూరం పోనక్కర్లేదు. 1994లో వైట్ స్పాట్ వైరస్ టైగర్ రొయ్యల చెరువులను తుడిచిపెట్టినప్పుడు ఈ తీరంలో అప్పుల పాలైన కుటుంబాలెన్నో. సుమారు మూడు లక్షల అక్షరాలున్న ఆ వైరస్ జన్యుసంకేతాన్ని 2001 నాటికి చదివేశారు. ఇప్పుడు చెరువుల్లో ఎక్కువగా పెంచేది వనామీ రొయ్య. ఆ రొయ్య జన్యుపటం 2019లో వెలువడింది, అందులో దాదాపు 25 వేల జన్యువులు లెక్కకొచ్చాయి. మన తెల్లరొయ్య జన్యుపటాన్ని చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ సిద్ధం చేసింది. రొయ్య ఎదుగుదలను ఆపేసే ఈహెచ్‌పీ సూక్ష్మజీవితో రైతులు ఇప్పటికీ సతమతమవుతున్నారు. నాడీవైద్యం వైపు చూసినా నెల్లూరు పేరు పాత పత్రాల్లో ఉంది. తాగునీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను బిగదీసి, వెన్నుపాము మీద ఒత్తిడి తెచ్చి, కాళ్లూ చేతులూ పడిపోయేలా చేస్తుందన్న సంగతి వైద్యలోకానికి తెలిసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి వెలువడిన అధ్యయనంతోనే. ఇలాంటి ప్రశ్నను సొంతంగా పట్టుకుని, ఉచిత సమాచారంతో చిన్న విశ్లేషణ చేసి, బయోఆర్కైవ్‌లో ముందస్తు ప్రతిగా పెట్టిన స్కాలరు ఉత్తరాన్ని ఏ ల్యాబూ తేలిగ్గా పక్కన పెట్టదు.

ఇక ఆ ఉత్తరం సంగతి.

చాలామంది పంపే మెయిల్ ఒకే అచ్చులో ఉంటుంది. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలై, తాను కష్టజీవినని, ఏ పని ఇచ్చినా చేస్తానని, అవకాశం ఇస్తే రుణపడి ఉంటానని ముగుస్తుంది. అదే మెయిల్ రెండు వందల మందికి వెళ్తుంది. ఏ పని ఇచ్చినా చేస్తాననడం మన దగ్గర వినయం. ల్యాబు నడిపే శాస్త్రవేత్తకు మాత్రం ఆ మనిషికి సొంత ప్రశ్న ఏదీ లేదని వినిపిస్తుంది.

పనికొచ్చే ఉత్తరం ఒక పేజీ దాటదు. మొదటి పేరాలో రాసేవారెవరు, పీహెచ్‌డీ ఎక్కడ, ఎప్పటికి పూర్తవుతుంది, ఏ నెల నుంచి చేరగలరు అనేవి ఉండాలి. రెండో పేరాలో పీహెచ్‌డీలో తాము కనుగొన్న ఒక్క విషయం, దానికి వాడిన పద్ధతి. మూడో పేరా అన్నిటికంటే ముఖ్యం. ఆ ల్యాబు పత్రాలు కనీసం రెండు మూడు చదివి, ఫలానా పత్రంలో ఫలానా ఫలితం చూశాక తమకు వచ్చిన ప్రశ్న ఏమిటో, దాన్ని ఎలా తేల్చాలనుకుంటున్నారో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. ఈ పేరా ఒకరికి రాసింది ఇంకొకరికి పనికిరాకూడదు. అలా పనికొస్తే అది ఇంకా సరిగ్గా రాయలేదని అర్థం. సొంత ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసే ఉద్దేశం ఉంటే ఏ ఫెలోషిప్పో చెప్పాలి. జతగా రెండు పేజీల సీవీ, రాసిన కోడ్‌కు గిట్‌హబ్ లంకె, సిఫారసు చేయగల ముగ్గురి పేర్లు. ఆ ముగ్గురినీ ముందే అడిగి ఒప్పించుకోవాలి. గైడుతో మాటలు లేని పరిస్థితి వస్తే డాక్టోరల్ కమిటీలోని మరో అధ్యాపకుడు, కలిసి పత్రం రాసిన వేరే సంస్థ శాస్త్రవేత్త ఆ లోటు తీర్చగలరు.

రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయడం మర్యాదే. రెండోసారీ రాకపోతే ఇంకో ల్యాబు. ఇలాంటి పది ఉత్తరాలు రాయడానికి నెల పడుతుంది, పట్టాలి కూడా. మొదలుపెట్టాల్సింది వైవా అయ్యాక కాదు. థీసిస్ సబ్మిట్ చేయడానికి ఏడాది ముందే.

జవాబు వచ్చాక వీడియోలో మాట్లాడతారు, తమ పని మీద ప్రసంగం చేయమంటారు, ల్యాబులోని మిగతావాళ్లను కలవనిస్తారు. ఆ ఘట్టంలో మనవాళ్లు అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు కొన్నున్నాయి. ఈ ల్యాబులో పోస్ట్‌డాక్ చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? జీతానికి గ్రాంటు ఎన్నేళ్లకు ఉంది? వెళ్లేటప్పుడు ప్రాజెక్టులో కొంత భాగాన్ని నాతో తీసుకెళ్లనిస్తారా? మొదటిదాన్ని ప్రొఫెసర్‌ను కాకుండా పాత పోస్ట్‌డాక్‌లనే నేరుగా అడగడం మేలు. ల్యాబు పేరు ఎంత పెద్దదైనా, అక్కడ మనుషులను ఎలా చూస్తారన్నది వాళ్లకే తెలుసు.

డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ల్యాబు పెద్ద గ్రాంటులోంచి, లేదా అభ్యర్థి సొంతంగా గెలుచుకున్న ఫెలోషిప్‌లోంచి. రెండోది దొరికితే స్వేచ్ఛ ఎక్కువ. మన దేశంలో 2015 నుంచి నడుస్తున్న నేషనల్ పోస్ట్-డాక్టోరల్ ఫెలోషిప్ ఇప్పుడు అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్ చేతిలో ఉంది. కాలం రెండేళ్లు, వయోపరిమితి 35. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది. బయోటెక్నాలజీ శాఖ రిసెర్చ్ అసోసియేట్‌షిప్‌ను ఐఐఎస్సీ ద్వారా ఇస్తారు. వెల్‌కమ్ ట్రస్ట్‌తో కలిసి అదే శాఖ 2008లో మొదలుపెట్టిన, ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. బిడ్డల పెంపకం కోసమో, కుటుంబ కారణాలతోనో మధ్యలో ఆగిపోయిన మహిళలు తిరిగి రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, బయోటెక్నాలజీ శాఖ వేరుగా పథకాలు నడుపుతున్నాయి. ఆగిపోయిన నాలుగైదేళ్లను సీవీలో దాచాల్సిన పని లేదు.

విదేశాల సంగతికొస్తే, మన కుటుంబాలకు అమెరికా మొదట గుర్తొస్తుంది. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ 2024లో కొత్త పోస్ట్‌డాక్ ఏడాది స్టైపెండ్‌ను 61,008 డాలర్లుగా నిర్ణయించింది. చాలా విశ్వవిద్యాలయాలు ఆ అంకెను బట్టే జీతం కడతాయి. ఎక్కువమంది వెళ్లే జే-1 వీసాలో పరిశోధకులకు గరిష్ఠ కాలం ఐదేళ్లు. 2025లో పరిశోధన నిధులకు పడిన కోతలు, కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ఆ తలుపును ఇరుకు చేశాయి. ఇది ఒక్క దేశం మీదే ఆశ పెట్టుకునే కాలం కాదు. ఐరోపా మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు ఏ దేశస్థులైనా అర్హులే. పీహెచ్‌డీ తర్వాత ఎనిమిదేళ్ల లోపు పరిశోధనానుభవం, వెళ్లే దేశంలో గత మూడేళ్లలో ఏడాదికి మించి ఉండకపోవడం దాని ముఖ్య షరతులు. జర్మనీ హంబోల్ట్, జపాన్ జేఎస్‌పీఎస్ ఫెలోషిప్‌లు మనవాళ్లు తగినంతగా పట్టించుకోని మంచి అవకాశాలు. ఐరోపా ఎంబో సంస్థలో భారత్ 2016 నుంచి అనుబంధ సభ్యదేశం కావడంతో దాని ఫెలోషిప్‌తో ఇక్కడి ల్యాబుకూ రావచ్చు. షరతులు ఏటా మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ సంస్థ తాజా ప్రకటన చదవాల్సిందే.

ఒక హెచ్చరిక. పోస్ట్‌డాక్ ఇప్పిస్తామని రుసుము అడిగేవాళ్లెవరైనా మోసగాళ్లే. నిజమైన ల్యాబు అభ్యర్థికి జీతమిస్తుంది, అభ్యర్థి దగ్గర తీసుకోదు. డబ్బు కడితే వారంలో పత్రం అచ్చేసే పత్రికలూ అంతే. అలాంటివి నాలుగు ఉన్న సీవీ కన్నా, మంచి పత్రం ఒకటే ఉన్న సీవీ నయం.

విదేశం వెళ్లలేనివాళ్లు, వెళ్లనక్కర్లేదనుకునేవాళ్లు నిరాశపడక్కర్లేదు. నెల్లూరులో రైలెక్కితే మూడు గంటల్లో చెన్నై. ఐఐటీ మద్రాసులోని సుధా గోపాలకృష్ణన్ మెదడు కేంద్రం 2024 డిసెంబరులో 'ధరణి' పేరుతో గర్భస్థ శిశువు మెదడు పటాన్ని విడుదల చేసింది. 5,132 పలచని కోతలను స్కాన్ చేసి కట్టిన ఆ పటాన్ని ప్రపంచమంతా ఉచితంగా వాడుకోవచ్చు. అదే నగరంలోని గణితశాస్త్ర సంస్థలో కంప్యుటేషనల్ బయాలజీ బృందం ఉంది. గూడూరు-రేణిగుంట లైన్లో ఏర్పేడు దగ్గర ఐసర్ తిరుపతి. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ట్రిపుల్ ఐటీ. బెంగళూరులో నిమ్హాన్స్, ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్. ఈ రంగంలో అడుగుపెట్టేవాళ్ల కోసం 2020లో మొదలైన న్యూరోమ్యాచ్ అకాడమీ ఏటా వేసవిలో ఆన్‌లైన్‌లో కంప్యుటేషనల్ న్యూరోసైన్స్ నేర్పుతుంది. ఎన్‌సీబీఎస్‌లో జరిగే క్యాంప్ కోర్సు జ్ఞాపకశక్తి నమూనాల మీద పేరున్నది. అక్కడ పరిచయమైన ముఖాలే తర్వాత ఉత్తరానికి జవాబిస్తాయి.

2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికీ, తీరం పొడవునా ఉన్న కాలేజీలకూ చేయాల్సిన విన్నపం ఒకటుంది. పీహెచ్‌డీ కోర్సువర్క్‌లో పోస్ట్‌డాక్ వెతుకులాట మీద ఒక రోజు కేటాయించండి. పోస్ట్‌డాక్ చేసి వచ్చిన పూర్వ విద్యార్థులతో ఆ రోజు ఉత్తరాలు రాయించండి, సీవీలు దిద్దించండి. ఇక థీసిస్ చివరి అధ్యాయంలో ఉన్న స్కాలర్లకు: నచ్చిన ల్యాబు పత్రం ఒకటి ఈ వారమే పూర్తిగా చదివి, దాన్ని రాసినవారికి మీ ప్రశ్న పంపండి.